బూడిదకొచ్చిన యోగం బండల పొడికి రాదా?

బూడిద కోసం ఎవరైనా కొట్లాడుకుంటారా? మా కడప జిల్లాలో కొట్లాడుకున్నారు. 2024 నవంబరులో, యర్రగుంట్ల దగ్గరున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (అందరూ ఆర్టీపీపీ అంటారు) నుంచి వచ్చే బూడిదను ఎవరి లారీలు తోలుకెళ్ళాలి అన్నదాని మీద తాడిపత్రి నాయకుడి మనుషులకీ, జమ్మలమడుగు నాయకుడి మనుషులకీ పెద్ద పంచాయితీ అయింది. లారీలు ఆగిపోయాయి, పోలీసులు దిగారు, చివరికి ముఖ్యమంత్రే కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ అధికార కూటమి వాళ్ళే, అదింకో తమాషా. చాలామంది దీన్ని "సీమలో మళ్ళీ మొదలైంది" అన్న కోణంలోనే చూశారు. గాల్లోకి సుమోలు లేవకపోవడం ఒక్కటే లోటు.

నాకు మాత్రం ఆ గొడవలో ఒక మెటీరియల్స్ సైన్స్ పాఠం కనపడింది. నవ్వకండి, చెప్తాను.

ఆర్టీపీపీలో మొదటి యూనిట్ 1994లో మొదలైంది. బొగ్గు కాలిస్తే బూడిద వస్తుంది. మన దేశపు బొగ్గులో అయితే మరీ ఎక్కువ, మూడో వంతు దాకా బూడిదే. అప్పట్లో ఎక్కడైనా ఈ బూడిదంటే తలనొప్పి. నీళ్ళలో కలిపి చెరువులాంటి గుంతల్లోకి వదలడం, ఎండాకాలం అది ఎండి గాలికి లేవడం, చుట్టుపక్కల పొలాల మీదా ఇళ్ళ మీదా పడటం. ఊరికే ఇస్తాం తీసుకుపొండి అన్నా అడిగేవాడు ఉండేవాడు కాదు. 1999లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చి, విద్యుత్ కేంద్రాలు బూడిదను పదేళ్ళపాటు ఉచితంగా ఇవ్వాలి, 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్ళు దాన్ని తప్పనిసరిగా కలపాలి అని చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. అప్పుడు బతిమాలి అంటగట్టిన సరుకే ఇప్పుడు లారీలు అడ్డం పెట్టి కొట్లాడుకునే సరుకయ్యింది. ఈ మధ్యలో బూడిద ఏమీ మారలేదు. బూడిద గురించి మనకు తెలిసిందే పెరిగింది.

తెలిసిందేమిటంటే - సిమెంటులో నీళ్ళు పోసినప్పుడు గట్టిపడే జిగురు పదార్థంతో పాటు కొంత సున్నం కూడా తయారవుతుంది. ఆ సున్నం బలానికి పెద్దగా పనికిరాకుండా ఊరికే పడుంటుంది. బూడిదలో గాజు రూపంలో సిలికా, అల్యూమినా ఉంటాయి. అవి ఈ పడున్న సున్నంతో నెమ్మదిగా, వారాల తరబడి కలుస్తూ మళ్ళీ అదే జిగురు పదార్థాన్ని తయారుచేస్తాయి. ఇది కొత్త సంగతేమీ కాదు, రోమన్లు వెసూవియస్ పరిసరాల్లోని అగ్నిపర్వత బూడిదతో ఇదే పని చేశారు. అక్కడి పొజ్జువోలి అనే ఊరి పేరు మీదే పొజొలానా అనే మాట వచ్చింది. మీ ఇంటికి తెచ్చిన సిమెంటు బస్తా మీద పీపీసీ అని ఉంటే అందులో రెండో 'పీ' ఆ ఊరే. మన ఐఎస్ 1489 ప్రమాణం ప్రకారం అందులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపొచ్చు. బూడిద ఎంత మెత్తగా ఉండాలి, కాలని బొగ్గు ఎంతకు మించకూడదు అన్నదానికి వేరే ప్రమాణం ఉంది. ముందు ల్యాబుల్లో ఏళ్ళ తరబడి పని, తర్వాత ప్రమాణం, ఆ తర్వాతే మార్కెట్టు, ఆ తర్వాత లారీల గొడవ. వరస అదన్నమాట.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బూడిదకంటే ఎక్కువగా మా ప్రాంతంలో పడున్న సరుకు ఇంకొకటి ఉంది. నాపరాళ్ళ పొడి.

కడప బండ తెలీని తెలుగువాళ్ళు ఉండరు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఎక్కడికెళ్ళినా పాత ఇళ్ళలో వంటింటి గట్టు మీద నల్లగా ఉండేది అదే. నిమ్మకాయ పిండి ఆ చెక్కని గట్టు మీదే వదిలేస్తే తెల్లారేసరికి తెల్లమచ్చ పడుతుంది చూశారా, అది సున్నపురాయి కాబట్టే. పులుపు తగిలితే కరుగుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఇటు యర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల భూమిలో ఈ రాయి పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లాగా పేర్చి ఉంటుంది. గనిలో పనివాళ్ళు ఉలి, సమ్మెట, గడ్డపారలతో పొరకు పొర లేపి బండలు తీస్తారు. (బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్ళాయి. నాకింకా కర్నూలు జిల్లా అనే నోటికొస్తుంది.)

అన్నట్టు ఈ రాళ్ళకి ప్రపంచమంతా తెలిసిన పేర్లున్నాయి. 1872లో విలియం కింగ్ అనే ఆయన జియొలాజికల్ సర్వే తరఫున కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. కింది నుంచి పైకి చెప్తే బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. బస్సు కండక్టరు స్టేజీలు చదివినట్టు లేదూ? బిలం గుహలు కూడా నార్జి సున్నపురాయిలో నీళ్ళు తొలుచుకున్నవే. ఎక్కడో విదేశంలో మన రాళ్ళ మీద థీసిస్ రాసే కుర్రాడు కూడా 'ఔకు' అని పలకడం నేర్చుకోవాల్సిందే.

సరే, అసలు విషయం. గనిలో తీసిన రాయిలో చాలా భాగం బండగా పనికిరాదు. విరిగిన ముక్కలు గని పక్కనే గుట్టలవుతాయి. మిగిలింది పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్తుంది. అక్కడ నీళ్ళు పోస్తూ కోస్తారు, నీళ్ళు పోస్తూ రుద్దుతారు. ఆ నీళ్ళతో పాటు పిండిలాంటి పొడి బురదగా బయటికొస్తుంది. దాన్ని ట్రాక్టర్లకెత్తి రోడ్డు పక్కనో, వంకలోనో, ఎవరూ అడగని బీట్లోనో పోస్తారు. ఎండితే తెల్లటి దుమ్ము. వానొస్తే కొట్టుకుపోయి చేలో చేరి మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది, నీళ్ళు లోపలికి దిగవు. ఏడాదికి నాలుగు వానలు పడే చోట, పడ్డ నీళ్ళు కూడా ఇంకకపోతే ఆ రైతు గతేంటి?

మా మామ ఒకాయనకి అటువైపు చిన్న పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆయన బాధ ఇంకో రకం. టైల్స్ వచ్చాక బండలకి గిరాకీ తగ్గింది. కరెంటు బిల్లు తగ్గలేదు. పైగా ఈ పొడి పారబోయించడానికి ట్రాక్టరు కిరాయి. ఊరికెళ్ళినప్పుడల్లా నన్ను పట్టుకుంటాడు. "ఏమిరా అల్లుడా, పొద్దుగూకులూ ఆ కంప్యూటర్లోనే ఉంటావు గదా, ఈ పొడి యాడన్నా పనికొస్తాదేమో సూడరాదా?" అని. ఆయన సరదాకి అడిగినా నేను సీరియస్‌గానే చూశాను. సాఫ్ట్‌వేర్ వాడికి వారాంతంలో అంతకంటే పనేముంటుంది!

చూస్తే తెలిసిందేమిటంటే, ఇలాంటి పొడుల మీద మన దేశంలో పరిశోధన లేదనడానికి వీల్లేదు. కావలసినంత ఉంది. కాకపోతే అది ఎక్కువగా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. సివిల్ ఇంజనీరింగ్ ఎంటెక్ చదివినవాళ్ళకి ఈ అచ్చు బాగా తెలుసు, దాని పేరు 'పార్షియల్ రీప్లేస్‌మెంట్'. ఏదో ఒక పొడి తీసుకోవాలి. ఊక బూడిద, చెరకు పిప్పి బూడిద, గాజు పొడి, గుడ్డు పెంకులు, ఏదైనా సరే. సిమెంటులో 0, 5, 10, 15, 20 శాతం తీసేసి ఆ మేరకు ఈ పొడి కలపాలి. దిమ్మెలు పోసి 7 రోజులకొకటి, 28 రోజులకొకటి పగలగొట్టాలి. గ్రాఫు గీస్తే కొండలాగా వస్తుంది, కొస 10 శాతం దగ్గరుంటుంది. కాబట్టి 10 శాతం ఉత్తమం. థీసిస్ అయిపోయింది, డిగ్రీ వచ్చింది, ఆ కుర్రాడు వచ్చి మా పక్క సీట్లో జావా రాస్తుంటాడు.

ఎగతాళి చేస్తున్నానని కాదు. ఆ కుర్రాడికి ఉన్న ఆరు నెలల్లో, ఉన్న ఒక్క మిషనుతో అంతకంటే చెయ్యలేడు. కానీ ఆ 10 శాతం ఎందుకొచ్చింది అన్న ప్రశ్న ఆ థీసిస్‌లో ఉండదు. మెటీరియల్స్ సైన్స్ మొదలయ్యేదే ఆ 'ఎందుకు' దగ్గర. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక మాటుంది, "నా మిషన్లో పనిచేసింది" అని. కస్టమర్ దగ్గర పగిలిపోయినప్పుడు చెప్పుకునే సాకు. ఎందుకు పనిచేసిందో తెలీనిది ఇంకోచోట పనిచేస్తుందని ఎలా చెప్తాం? బేతంచెర్ల పొడికొచ్చిన 10 శాతం యర్రగుంట్ల పొడికి కూడా వస్తుందా?

ఆ 'ఎందుకు'ని పట్టుకుని తేల్చినవాళ్ళు ఉన్నారు. అదే నేను చెప్పదలుచుకున్న కథ.

సున్నపురాయి పొడి ఒక్కదాన్నే సిమెంటులో కలిపితే అది పెద్దగా ఏమీ చెయ్యదు. సిమెంటు రేణువుల మధ్య సందుల్లో కూర్చుంటుంది, జిగురు పెరగడానికి కాస్త చోటిస్తుంది. కొంత దాటాక, ఉన్న సిమెంటును పలచన చెయ్యడం తప్ప లాభం లేదు. గ్రాఫులో కొండ దిగడం అందుకే. కానీ దాని పక్కన కాల్చిన బంకమన్నును పెడితే కథ మారుతుంది. కేయొలినైట్ ఉండే బంకమన్నును 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలిస్తే అందులోని అల్యూమినాకి చురుకు వస్తుంది. ఆ అల్యూమినా, సున్నపురాయిలోని కార్బొనేట్ కలిసి కార్బోఅల్యూమినేట్ అనే కొత్త పదార్థం తయారై కాంక్రీటు లోపలి సందులను పూడుస్తుంది. అంటే 10 శాతం అనేది రాయి గుణం కాదు, రాయికి దొరికిన తోడు గుణం. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కారెన్ స్క్రివెనర్ అనే ఆవిడ బృందం, క్యూబాలో ఫెర్నాండో మార్టిరెనా బృందంతోనూ, మన ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐఐటీలతోనూ కలిసి దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ సిమెంటు పేరు ఎల్‌సీ3. అందులో సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమన్ను, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. క్యూబాలో 2013లో ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేసి చూశారు. మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2023లో ఐఎస్ 18189 పేరుతో దీనికి ప్రమాణం కూడా ఇచ్చేసింది.

మన పాతవాళ్ళకి ఇది మరీ కొత్తగా అనిపించకపోవచ్చు. సున్నంలో ఇటుకపొడి, అంటే సుర్కీ, కలిపి గానుగ పట్టి కట్టిన కట్టడాలు ఎన్ని లేవు? కృష్ణరాజసాగర్ ఆనకట్ట సున్నం, సుర్కీలతో కట్టిందే. ఇటుకపొడంటే కాల్చిన బంకమన్నే కదా. అలాగని "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయష" అని కూర్చోవద్దు. సుర్కీ పనిచేస్తుందని వాళ్ళకి తెలుసు. ఎంత వేడికి కాల్చాలి, ఏ మన్ను పనికొస్తుంది, ఎందుకు అన్నది తేలడానికి ఎక్స్‌రేలూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులూ కావాల్సొచ్చింది.

కాల్చని సున్నపురాయి అనే మాటలో ఇంకో విశేషముంది. సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయి లోంచి వచ్చేదే. సౌర విద్యుత్తు పెట్టి కాల్చినా ఆగదు. టన్ను క్లింకర్ చేస్తే రాయి నుంచే అర టన్నుకు పైగా వస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. క్లింకర్ సగానికి తగ్గిస్తే ఈ లెక్క 30 - 40 శాతం దిగుతుంది.

ఇప్పుడు మా ప్రాంతం సంగతి చూడండి. ఫ్యాక్టరీలకేం కొదవ లేదు. బేతంచెర్ల దగ్గర పాణ్యం సిమెంటు, నల్లలింగాయపల్లె దగ్గర భారతి, నవాబుపేట దగ్గర దాల్మియా, 2022లో మొదలైన కొలిమిగుండ్ల రాంకో, ఇంకా చాలా ఉన్నాయి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఎల్‌సీ3 చేసే ఫ్యాక్టరీ ఒక్కటుంటే దానికి లక్షన్నర టన్నుల సున్నపురాయి పొడి కావాలి. 20 టన్నుల లారీ లెక్కన 7,500 లారీలు. క్లింకర్‌కి పనికిరాని నాసి సున్నపురాయి కూడా దీనికి పనికొస్తుందని పరిశోధకులే చెప్తున్నారు. మా మామ డబ్బులిచ్చి పారబోయించేది, సగానికి సగం నూరుడు ఖర్చు కూడా అయిపోయిన పొడి!

మరి ఇంకేం, ప్రమాణం వచ్చేసిందిగా, ఇంక మనం చెయ్యాల్సిన పరిశోధనేముంది అనొచ్చు. ఇక్కడే నా అసలు వాదన ఉంది. లోజాన్ వాళ్ళు చేసింది లోజాన్‌కి సరిపోతుంది. మన ప్రశ్నలు మనకే మిగిలాయి.

మొదటిది బంకమన్ను. అందులో కేయొలినైట్ సుమారు 40 శాతమన్నా ఉండాలంటారు. బండలు దొరికే నార్జి సున్నపురాయి మీదే ఔకు షేల్ పొర ఉంది. అందులో ఏ ఊరి దగ్గర ఎంత కేయొలినైట్ ఉంది? ఇది తేల్చడానికి కోట్లు అక్కర్లేదు. మన్నును సన్నగా వేడిచేస్తూ బరువు ఎంత తగ్గుతుందో చూసే పరికరం చాలు. 400 నుంచి 600 డిగ్రీల మధ్య తగ్గే బరువు కేయొలినైట్ ఎంతుందో చెప్పేస్తుంది. ఒక్కో నమూనాకి కొద్ది గంటల పని.

రెండోది మా ఎండ. ఇలాంటి మిశ్రమ సిమెంట్లకి ఎక్కువ రోజులు తడి కావాలి. మామూలు సిమెంటుకే వారం రోజులు నీళ్ళు కొట్టాలంటే బోరు ఎండిపోయే ఊళ్ళు మావి. మేనెలలో 42, 43 డిగ్రీల ఎండలో పోసిన స్లాబుకి రెండుపూట్లా నీళ్ళు ఎవరు కొడతారు? ల్యాబులో దిమ్మెను 28 రోజులు నీళ్ళ తొట్టిలో హాయిగా ముంచుతారు. అలాంటి తొట్టిలో పెరిగిన దిమ్మె లెక్కలు ఆళ్ళగడ్డలో కట్టే ఇంటికి ఎలా వర్తిస్తాయి? ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి దిగుతూ పోతే లోపలి కమ్ములకు తుప్పు మొదలవుతుంది. ఎల్‌సీ3లో మిగులు సున్నం తక్కువ కాబట్టి అది కాస్త తొందరగా దిగుతుంది. ఆ సిమెంటుకున్న అసలు బలహీనత ఇదే, దాన్ని దాచకూడదు. గాల్లో తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు ఈ వ్యవహారం అన్నిటికంటే జోరుగా సాగుతుంది. బాగా తడిగా ఉంటే గాలి దూరదు, మరీ పొడిగా ఉంటే రసాయన చర్యకి నీళ్ళుండవు. కోస్తాలో తుప్పు అంటే ఉప్పుగాలి. సీమలో తుప్పు అంటే ఇదీ. కర్నూలులో ఒక మిద్దె మీద దిమ్మెలు పెట్టి ఐదేళ్ళు, పదేళ్ళు చూస్తే తప్ప దీనికి జవాబు రాదు. మేమైతే సాయంత్రం కోడ్ పెట్టి, పొద్దున్న పగిలితే వెనక్కి తీసేసుకుంటాం. స్లాబు పోశాక వెనక్కి తీసుకునే బటన్ ఉండదు.

మూడోది పొడి ఒకేలా ఉండటం. గనికీ గనికీ సిలికా మారుతుంది, బంకమన్ను మారుతుంది, ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ మెత్తదనం మారుతుంది. పైగా అది బురద, ఆరబెట్టాలి. నీళ్ళను లారీలో మోసుకెళ్తే కిరాయి గిట్టదు. బూడిదకి ఈ ఇబ్బంది తక్కువ, ఒక్క చిమ్నీ దగ్గర పట్టుకుంటే సరిపోతుంది. బండల పొడి వందల చిన్న ఫ్యాక్టరీల్లో ఉంది. రాజస్థాన్ వాళ్ళకి కూడా మార్బుల్ బురదతో, కోట రాయితో ఇదే సమస్య. వాళ్ళు జైపూర్‌లో రాళ్ళ కోసమే సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ ఆఫ్ స్టోన్స్ అని ఒక సంస్థ పెట్టుకున్నారు. మనకి అలాంటిది బేతంచెర్లలో ఎందుకుండకూడదు?

మనుషులు లేరా అంటే ఉన్నారు. కడపలో 2006లో వచ్చిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ సైన్స్ అండ్ నానోటెక్నాలజీ విభాగమే ఉంది. ఎండతో నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే పదార్థాల మీద వాళ్ళు చేసిన పని బయటివాళ్ళు కూడా చదివేది. అది మానేసి పొడి పిసుక్కోండి అనను, మా ఎండకి అది సరైన పనే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్ బ్రాంచి ఉంది. తెలుగు గడ్డ మీద మెటీరియల్స్ పరిశోధన అంటే అందరికీ హైదరాబాదే గుర్తొస్తుంది - క్షిపణుల లోహాలకి డీఎంఆర్ఎల్, మిధాని, అణు ఇంధనానికి ఎన్ఎఫ్‌సీ. దేశానికి అవన్నీ కావాలి. కానీ బేతంచెర్ల బురద గురించి ఆలోచించడం వాళ్ళ పని కాదు. అది కడప, ఇడుపులపాయ వాళ్ళు చెయ్యాల్సిన పని, ఎందుకంటే నమూనా కోసం వాళ్ళు బస్సెక్కితే చాలు.

అడ్డమల్లా ఏంటంటే పొడి మీద పదేళ్ళ పరిశీలన చేస్తే పేపరు ఒకటో రెండో వస్తాయి. ప్రమోషన్ లెక్క పేపర్ల సంఖ్య మీద. ఆ లెక్కలో మేష్టార్ల తప్పేం లేదు. ఈ ఖర్చు పెట్టాల్సింది సిమెంటు కంపెనీలు, గనుల మీద సీనరేజి వసూలు చేసే ప్రభుత్వం. గనుల ప్రభావం పడిన ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి అని 2015 చట్ట సవరణతో పెట్టిందే ఉంది కదా. అందులోంచి పదేళ్ళకి సరిపడా ఒక చిన్న ల్యాబుకి ఇస్తే తప్పేంటి? పైగా బూడిద కూడా ఎల్లకాలం ఉండదు. పాణ్యం దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కళ్ళముందే ఉంది. బొగ్గు తగ్గేకొద్దీ సిమెంటు వాళ్ళు బూడిదకి బదులు ఇంకోటి వెతుక్కోవాల్సిందే.

మొదలుపెట్టడానికైతే నాకు తోచింది ఇదీ. బేతంచెర్ల నుంచి జమ్మలమడుగు దాకా ఒక యాభై పాలిష్ ఫ్యాక్టరీలు ఎంచుకుని, నెలకొకసారి చొప్పున ఏడాదిపాటు పొడి నమూనాలు తీయాలి. ఒక్కోదాంట్లో సున్నపురాయి ఎంత, సిలికా ఎంత, మెత్తదనం ఎంత, తేమ ఎంత. మొత్తం ఆరొందల నమూనాలు. పట్టిక అందరికీ కనపడేలా పెట్టాలి, సిమెంటు కంపెనీ వాడికీ, ఎంటెక్ కుర్రాడికీ, మా మామకీ. విద్యార్థులకి బస్సు చార్జీలు, పరీక్షలకి ఫీజులు కావాలి. పట్టిక కంప్యూటర్లో పెట్టే పని మాత్రం నాకు వదిలెయ్యండి, డబ్బులడగను.